కొండ చేను నుంచి హోటల్ పొయ్యి దాకా: చోళ్ళు, సామలు, కందులు నేరుగా తెచ్చుకోవడం ఎలా

దక్షిణ ఒడిశాలోని రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, జయపురం ఊళ్ళలో తెలుగువాళ్ళు నడిపే టిఫిన్ హోటళ్ళకు, మెస్సులకు సరుకంతా దూరం నుంచి లారీల మీద వస్తుంది. ఊరు దాటగానే కనిపించే కొండ చేలల్లో పండిన చోళ్ళు (రాగులు), సామలు మాత్రం సంతలో సావుకారు తూకానికి పడి ఎటో వెళ్ళిపోతాయి. ఈ మధ్యలో జామాయిల్ తోటలు, పత్తి చేలు పెరుగుతున్నాయి. వాటికి కొనేవాడు ఖాయంగా ఉన్నాడు, సామలకు లేడు. ఆ కొనేవాడి స్థానంలో హోటల్ నిలబడాలంటే ఏం చేయాలో కింద ఉంది. లెక్కలన్నీ రోజుకు 100 భోజనాలు, 150 టిఫిన్లు అమ్మే హోటల్‌కు వేసినవి. మీది చిన్నదైతే అదే పాళ్ళలో తగ్గించుకోండి.

మొదట చేను చూడండి, తర్వాత మెనూ రాయండి

చాలామంది తిరగేసి చేస్తారు. "చోడి దోశ పెడదాం, చోళ్ళు ఎవరిస్తారు" అని బయల్దేరుతారు. కొండ మీద చేనులో ఒక్క చోళ్ళే ఉండవు. వాటితో పాటు కందులు, సామలు, వలిసెలు (వెర్రి నువ్వులు), బొబ్బర్లు, కొంచెం జొన్న కలిసి ఉంటాయి. వాన ఎప్పుడు ఆగిపోయినా ఏదో ఒక పంట నిలుస్తుంది. రైతు ఆ ధైర్యంతోనే అన్నీ కలిపి వేస్తాడు. మీరు చోళ్ళు ఒక్కటే కొంటే ఆ చేనులో మిగతావి బరువవుతాయి. రెండేళ్ళలో అక్కడ ఒంటి పంట వస్తుంది, ఆ తర్వాత పత్తి వస్తుంది. అందుకని ఒకే చేను నుంచి కనీసం మూడు సరుకులు మీ వంటింట్లోకి రావాలి. ఇది దయతో చేసే పని కాదు. వచ్చే ఏడు కూడా సరుకు దొరకాలంటే ఇదొక్కటే దారి.

అక్టోబరులో ఒక రోజు మీ వంట మాస్టర్‌ను వెంటబెట్టుకుని వెళ్ళండి. యజమాని ఒక్కడే వెళ్తే ధర మాట్లాడి వచ్చేస్తాడు. మాస్టర్ వస్తే గింజ చూస్తాడు, నూక దేనికి పనికొస్తుందో అక్కడే చెప్తాడు. ఏ నెలలో ఏం దిగుతుందో రాసుకోండి. సామలు అక్టోబరు ప్రాంతంలో, చోళ్ళు నవంబరు, డిసెంబరులలో వస్తాయి. వలిసెలు డిసెంబరులో, కందులు జనవరి, ఫిబ్రవరిలో, పసుపు జనవరి నుంచి మార్చి దాకా, చింతపండు ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా దిగుతాయి. పనస మే, జూన్ నెలల్లో వస్తుంది. ఊరి ఎత్తును బట్టి రెండు మూడు వారాలు అటూ ఇటూ అవుతుంది.

గింజ పేరు నోటితో ఖాయం చేసుకోవద్దు. ఒడియాలో ఒక పేరు, కొండ తెగల భాషలైన కువిలో ఒకటి, సవరలో ఒకటి, తెలుగులో ఒకటి ఉంటాయి. పొట్టుతో ఉన్నప్పుడు సామలకూ అరికెలకూ తేడా అలవాటు లేని కంటికి చిక్కదు. గుప్పెడు గింజలు పొట్లం కట్టి ఇద్దరి దగ్గరా ఒక్కొక్కటి ఉంచండి.

ఎంత కావాలో లెక్క

చోళ్ళు: అంబలి గ్లాసుకు 30 గ్రాముల పిండి. అంబలి, దోశ కలిపి రోజుకు సగటున 3 కిలోల పిండి పడుతుంది. ఏడాదికి 312 పని దినాలు వేసుకుంటే 936 కిలోలు. శుభ్రం చేయడంలో, ఆడించడంలో 5 నుంచి 7 శాతం పోతుంది కాబట్టి గింజ 10 క్వింటాళ్ళు.

సామలు: ప్లేటు ఉప్మాకు 60 గ్రాముల బియ్యం, 40 ప్లేట్లు, వారానికి మూడు రోజులు. ఏడాదికి దాదాపు 375 కిలోల బియ్యం. పొట్టుతో ఉన్న 100 కిలోల సామలకు నికరంగా 60 కిలోల బియ్యం వస్తుందనుకుంటే 6 క్వింటాళ్ళ పాతిక కిలోలు కొనాలి.

కందులు: భోజనానికి 40 గ్రాముల పప్పు, రోజుకు 4 కిలోలు, ఏడాదికి 1,250 కిలోలు. పప్పు దిగుబడి 70 శాతం అనుకుంటే 18 క్వింటాళ్ళ కందులు.

ఈ మొత్తం మొదటి ఏడే కొనకండి. మూడో వంతుకే మాటివ్వండి: చోళ్ళు మూడున్నర క్వింటాళ్ళు, సామలు రెండు, కందులు ఆరు. మిగతాది ఎప్పటిలాగే బజారులో తెచ్చుకోండి. పది క్వింటాళ్ళకు మాటిచ్చి ఆరు తీసుకున్నవాడిని ఆ పల్లె మళ్ళీ నమ్మదు.

ఇంటి తిండి తీసి పక్కన పెట్టాకే తూకం

కొండ చేలల్లో చల్లిన చోళ్ళు ఎకరాకు రెండు మూడు క్వింటాళ్ళు వస్తే ఏడు బాగున్నట్టే. నారు పోసి వరుసల్లో నాటితే ఇంకా ఎక్కువ వస్తాయి. ఐదుగురున్న ఇంట్లో రోజుకు కిలో చోళ్ళు వాడతారనుకుంటే జూన్ నుంచి అక్టోబరు దాకా ఐదు నెలలకు క్వింటా యాభై కిలోలు ఇంట్లో ఉండాలి. దాని పైన ఎకరాకు నాలుగైదు కిలోల విత్తనం. ఇది తీశాక మిగిలిందే అమ్మకపు గింజ. ఇంటికి ఒక క్వింటాకు మించి ఆశ పెట్టుకోవద్దు. మూడున్నర క్వింటాళ్ళకు ఐదిళ్ళు చాలినా ఎనిమిదిళ్ళతో మాట్లాడుకోండి. ఒక చేను ఏనుగులకో అడవి పందులకో పోయినా మీ పొయ్యి ఆగదు.

తిండి గింజ అమ్ముకున్న ఇల్లు వానాకాలంలో సావుకారు దగ్గరికి వెళ్తుంది. 2001 వానల్లో కాశీపూర్ బ్లాకులో మామిడి టెంక జావ తాగి జనం చనిపోయిన సంగతి రాయగడ జిల్లాలో అందరికీ తెలుసు. ధర బాగుందని ఎవరైనా గాదె మొత్తం తెచ్చి ఇస్తానన్నా మీరే వద్దనాలి. ఈ మాట ఒప్పంద కాగితం మీద కూడా రాయించండి.

ధర

విత్తక ముందు, మే నెలలో ఖాయం చేయండి. కోత తర్వాత మాట్లాడితే అది బేరమే అవుతుంది.

చోళ్ళకు మద్దతు ధర అడుగు గీత. 2025-26 పంటకు కేంద్రం క్వింటాకు రూ. 4,886 ప్రకటించింది. ఒడిశాలో 2017లో మొదలైన మిల్లెట్ మిషన్ (సిరిధాన్యాల పథకం) వల్ల గిరిజన సహకార సంస్థ మండీలు పెట్టి చోళ్ళు కొంటోంది, డబ్బు రైతు ఖాతాలో వేస్తోంది. మీరు పోటీ పడేది ఆ మండీతో. కాబట్టి ఆ ధర, దాని పైన రాయి లేకుండా శుభ్రం చేసినందుకు కిలోకు రెండు మూడు రూపాయలు, రవాణా మీది. కందులకు అదే ఏడు క్వింటాకు రూ. 8,000, వలిసెలకు రూ. 9,537.

సామలు కేంద్రం మద్దతు ధరల జాబితాలో లేవు. సావుకారు ఎక్కువ మిగుల్చుకునేదీ అక్కడే. లెక్క ఇలా వేసుకోండి. పొట్టు సామలు కిలో 40 రూపాయలకు కొన్నారనుకోండి. 60 శాతం దిగుబడితో బియ్యం కిలో 66 రూపాయల 70 పైసలు పడుతుంది. మర కూలి గింజ కిలోకు 5 రూపాయలైతే బియ్యానికి 8 రూపాయల 30 పైసలు. రవాణా 2 రూపాయలు. మొత్తం 77 రూపాయలు. ప్లేటులో 60 గ్రాములే కాబట్టి సామల ఖర్చు 4 రూపాయల 60 పైసలు. ఇప్పుడు రైతుకు కిలోకు ఇంకో 5 రూపాయలు పెంచితే ప్లేటుకు పెరిగేది సరిగ్గా అర్ధ రూపాయి. ఉప్మాలో వేసే జీడిపప్పు ఒక పలుకు తగ్గిస్తే ఆ ఖర్చు తీరిపోతుంది. కిలో ధర దగ్గర గంటసేపు బేరమాడే యజమానులు ఈ లెక్క వేసుకోరు.

నూకకు కూడా ధర ఖాయం చేయండి, గింజ ధరలో సగానికి తగ్గకుండా. లేకపోతే మర దగ్గర నూక ఎవరిది అన్న గొడవ తప్పదు.

డబ్బు మూడు రోజుల్లో పూర్తిగా ఇవ్వాలి. జూన్‌లో విత్తేటప్పుడు ముందుగా కొంత అడుగుతారు. అంచనా విలువలో నాలుగో వంతు దాకా ఇవ్వొచ్చు. అయితే వడ్డీ ఉండకూడదు, ధర తగ్గించి జమ వేసుకోకూడదు. పంట పోతే ఆ బాకీ వచ్చే ఏటి పంట మీదికి వెళ్తుంది, అంతే. ఈ మూడూ పాటించలేకపోతే అడ్వాన్స్ ఇవ్వకపోవడమే మేలు, లేకపోతే ఊళ్ళో ఇంకో సావుకారు తయారైనట్టే.

కాగితం, తూకం

ఒక్క పేజీ చాలు. ఒడియాలోనూ తెలుగులోనూ రాయించి, స్వయం సహాయక సంఘం పుస్తకాలు రాసే ఆమె చేత ఊళ్ళో అందరి ముందూ చదివించండి. సరుకు, కిలోలు, ధర, తేమ, రాయి, గోనె ఎవరిది, బండి ఎవరిది, ఎన్నాళ్ళలో డబ్బు, పంట పోతే ఏమిటి. ఈ తొమ్మిది విషయాలూ, మిగతా చోట్ల కాగితంలో రాయమని చెప్పిన మాటలూ తప్ప ఇంకేం అక్కర్లేదు.

కుంచం, అడ్డ, మాణం ఊరికో రకంగా ఉంటాయి కాబట్టి కిలోలే రాయండి. తూకం కాటాకు తూనికల శాఖ ముద్ర ఉండాలి. మొదటి గోనె ఎక్కించే ముందు ముద్ర ఉన్న 5 కిలోల తూకపు రాయి పెట్టి అందరికీ చూపించండి. ఖాళీ గోనె బరువు విడిగా తూచి తీసేయండి. తరుగు పేరుతో క్వింటాకు కిలో రెండు కిలోలు కోసే అలవాటు సంతల్లో ఉంది. మీ దగ్గర అది ఉండకూడదు.

తన పంట అమ్ముకునే రైతుకు 2006 ఆహార భద్రత, ప్రమాణాల చట్టం కింద లైసెన్సు అక్కర్లేదు. పిండి ఆడించి, పొట్లం కట్టి అమ్మే సంఘానికి మాత్రం రిజిస్ట్రేషన్ కావాలి, మీ హోటల్‌కు రిజిస్ట్రేషనో లైసెన్సో ఎలాగూ ఉండాలి. ఒకేసారి క్వింటాళ్ళ లెక్కన కొంటున్నారు కాబట్టి మార్కెట్ కమిటీ ఆఫీసులో ముందే అడిగి, చెక్‌గేటులో చూపించే కాగితం ఏదో తెలుసుకోండి. పార్వతీపురం, పాతపట్నం వైపు సరుకు దాటించేవాళ్ళకు ఇది మరీ ముఖ్యం.

కళ్ళం నుంచి మర దాకా: పని చెడేది ఇక్కడే

విత్తనం దొరుకుతుంది, రైతు దొరుకుతాడు, తినేవాళ్ళూ దొరుకుతారు. మధ్యలో ఎండబెట్టడం, రాయి తీయడం, పొట్టు తీయడం అనే మూడు పనులకు సరైన చోటు లేకే చాలా ప్రయత్నాలు ఆగిపోయాయి.

చోడి గింజ, ఇసుక రేణువు ఇంచుమించు ఒకే సైజు. అందుకే జల్లెడతో రాయి పోదు. తారు రోడ్డు మీద, మట్టి కళ్ళంలో నూర్చితే కంకర, ఇసుక కలుస్తాయి. అసలు కలవకుండా చూడటమే చవక. ఇంటికో టార్పాలిన్ మీరే కొనివ్వండి, 18 అడుగులకు 12 అడుగులది. దానిమీదే నూర్చి దానిమీదే ఎండబెట్టాలని కాగితంలో రాయండి. ఆ తర్వాత కూడా రాయి తీసే యంత్రంలో ఒకసారి పోయాలి. గాలి కొడుతూ వాలుగా ఊగే జల్లెడ అది, బరువు తేడాతో రాయిని వేరు చేస్తుంది. మిల్లెట్ మిషన్ కింద చాలా బ్లాకుల్లో సంఘాలకు యంత్రాలు ఇచ్చారు. మీ బ్లాకులో ఏది నడుస్తోందో, ఏది కరెంటు లేక మూలపడి ఉందో వెళ్ళి చూసి రండి. యంత్రం లేని చోట నీళ్ళలో వేసి చేత్తో గుండ్రంగా తిప్పుతూ గింజను పైనుంచి వంచుకోవాలి, రాయి అడుగున మిగులుతుంది. కడిగిన గింజ రెండు రోజుల మంచి ఎండ చూడాలి. మబ్బు పట్టిన వారంలో ఈ పని పెట్టుకుంటే బూజు వాసన పిండిదాకా వస్తుంది.

రాయి పరీక్ష: గోనె పైన, మధ్య, అడుగు నుంచి గొట్టంతో గింజ తీసి కలిపి, అందులో 100 గ్రాములు తెల్ల గిన్నెలో నీళ్ళు పోసి తిప్పి వంచండి. అడుగున ఒక్క రేణువు కనిపించినా ఆ గోనె మళ్ళీ శుభ్రం చేయాల్సిందే. అంబలిలో ఇసుక పంటికి తగిలిన గిరాకీ మళ్ళీ రాడు, నలుగురికి చెప్తాడు కూడా.

తేమ 12 శాతం దాటకూడదు. మీటర్ లేకపోతే కొరికి చూడండి. టక్కుమని విరగాలి. పంటి కింద నలిగిందంటే ఇంకో రోజు ఎండాలి.

సామల పొట్టు తీయడం వేరే విద్య. మామూలు వడ్ల హల్లర్‌లో పోస్తే సగం పిండై పోతుంది. గింజను వేగంగా విసిరి గోడకు కొట్టి పొట్టు పగలగొట్టే సిరిధాన్యాల మర కావాలి. అందులో పోసే ముందు జల్లెడలతో లావు, సన్నం గింజ వేరు చేయించండి. అన్నీ కలిపి పోస్తే లావు గింజ విరుగుతుంది, సన్న గింజ పొట్టుతోనే బయటికొస్తుంది. తేమ ఎక్కువైతే పొట్టు సాగి ఊడదు. మరీ పెళుసుగా ఎండితే నూక ఎక్కువవుతుంది. మొదటిసారి 20 కిలోలే ఆడించి చూడండి. 12 కిలోల బియ్యం, కిలోన్నర నుంచి రెండు కిలోల నూక వస్తే మర సరిగ్గా ఉన్నట్టు. బియ్యం 10 కిలోలకు దిగితే తప్పు మరదా తేమదా అని చూడాలి. రైతు మీద పడొద్దు. పాలిష్ వద్దని మర వాడికి గట్టిగా చెప్పండి, తెల్లగా ఉంటే మంచిదని వాడే ఇంకోసారి తిప్పేస్తాడు.

నిల్వ

ఇక్కడ రెండు గింజలకు రెండు విరుద్ధ నియమాలు. సామలు పొట్టుతో ఉంచితే ఏడాది దాటినా ఏం కాదు, బియ్యం చేస్తే రెండు మూడు నెలల్లో పురుగు పడుతుంది, తవుడు నూనెకు చేదెక్కుతుంది. కాబట్టి పొట్టుతో నిల్వ, పదిహేను రోజులకోసారి మర. కందులు దీనికి తలకిందులు. పుచ్చు పురుగు చేనులోనే గుడ్డు పెట్టి గింజతో పాటు ఇంటికొస్తుంది, నిలవున్న కందులు మే నాటికి బొక్కలు పడతాయి. ఫిబ్రవరిలో దిగగానే నాలుగు ఎండలు చూపించి, మార్చి లోపల పప్పు చేయించేయండి. విత్తనానికి ఉంచే కందులు మాత్రం గాలి చొరని సంచిలో కట్టాలి.

చోళ్ళకు మాత్రం ఏ గొడవా లేదు, ఎండిన గింజ ఏళ్ళు నిలుస్తుంది. పిండి మాత్రం పది పదిహేను రోజులకు సరిపడా ఆడించుకోండి. మర నుంచి వచ్చిన వేడి పిండిని డబ్బాలో పోసి మూత బిగిస్తే లోపల చెమ్మ పట్టి ఉండలు కడుతుంది. బట్ట మీద పరిచి చల్లారాకే పోయాలి.

వలిసెల నూనె గానుగలో మూడు కిలోలకు ఒక లీటరు పడుతుంది. త్వరగా కమురు వాసన వస్తుంది కాబట్టి నెలకు సరిపడానే తీయించండి. నూనె కంటే వలిసెల కారప్పొడి హోటల్‌కు సులువు. వేయించిన వలిసెలు కిలో, ఎండుమిరప 150 గ్రాములు, వెల్లుల్లి 100, ఉప్పు 80, కాస్త చింతపండు. ఇడ్లీ పక్కన పెడితే అడిగి వేయించుకుంటారు.

వంటింట్లో

ఒక్క వంటకంతో మొదలుపెట్టి ఆరు వారాలు నడపండి. ఆరు రకాలు ఒకేసారి బోర్డు మీద రాస్తే మాస్టర్‌కు విసుగు, గిరాకీకి అయోమయం. "షుగర్ ఉన్నవాళ్ళకు" అని బోర్డు రాస్తే మిగతావాళ్ళు ముట్టరు. ధర మామూలు టిఫిన్ ధరకు దగ్గరగానే ఉండాలి. పట్నంలో చోళ్ళంటే లేనివాళ్ళ తిండి అనుకునే పెద్దవాళ్ళు ఇంకా ఉన్నారు, వాళ్ళే ఎండల్లో చల్లటి అంబలి చూసి మొదట ఆగేవాళ్ళు కూడా.

అంబలి, 50 గ్లాసులకు: చోడిపిండి కిలోన్నర ముందు రాత్రి 4 లీటర్ల చన్నీళ్ళలో ఉండ లేకుండా కలిపి, పాత అంబలి అర గ్లాసు వేసి, స్టీలు గిన్నెలోనో కుండలోనో మూత పెట్టండి. అల్యూమినియం వద్దు, పులుపుకు లోహం దిగుతుంది. ఉదయం 8 లీటర్ల నీళ్ళు మరిగించి, అర కిలో సామల నూక వేసి మెత్తబడ్డాక, పులిసిన పిండిని కలుపుతూ పోయండి. సన్న మంట మీద పావుగంట, పచ్చి వాసన పోయేదాకా. 70 గ్రాముల ఉప్పు. పూర్తిగా చల్లారాక 3 లీటర్ల మజ్జిగ, ఉల్లిపాయ, పచ్చిమిరప. వేడి నీళ్ళలో పొడి పిండి వేస్తే ఉండలు కడుతుంది, ఎంత గరిటె తిప్పినా పోదు. డిసెంబరు చలిలో 12 నుంచి 14 గంటలు పులవాలి. ఏప్రిల్, మే నెలల్లో ఆరేడు గంటలకే పొంగుతుంది, అంటే ఆ నెలల్లో రాత్రి పదకొండుకు కలపాలి. మజ్జిగ కలిపిన అంబలి ఆ పూటకే, సాయంత్రానికి ఉంచొద్దు.

చోడి దోశ, 100కి: బియ్యం కిలో, మినపప్పు 700 గ్రాములు, అటుకులు 200, మెంతులు 25 నానబెట్టి రుబ్బి, చివర 2 కిలోల చోడిపిండి నీళ్ళతో జారుగా కలిపి వేయండి. 8 నుంచి 10 గంటలు పులవాలి. చోడిపిండి పాలు ఇంతకు మించి పెంచితే దోశ మధ్యలో చీలుతుంది, పెనానికి అంటుతుంది. మామూలు దోశ కంటే పెనం వేడి తక్కువ ఉండాలి, రంగు ముందే ముదురు కాబట్టి మాడింది కంటికి తెలియదు, ముక్కుకే తెలుస్తుంది. మాస్టర్లు మొదటి వారం మాడ్చేది ఇందుకే.

సామల అన్నం, ఉప్మా: కిలోకు 2 లీటర్ల నీళ్ళు, పెరుగన్నానికైతే 3. మూడుసార్లు కడిగి అరగంట నానబెట్టండి, కడిగేటప్పుడు తేలే పొట్టు గింజలు తీసేయండి. ఒక గిన్నెలో 3 కిలోలు దాటితే అడుగు ముద్ద, పైన పలుకు. నీళ్ళు ఇంకాక మూత తీయకుండా పది నిమిషాలు వదిలేయండి, గరిటె పెట్టొద్దు. మూడు గంటలకు గట్టిపడుతుంది, అందుకని ఉదయం ఏడుకు ఒక వాయి, తొమ్మిదికి ఒక వాయి.

కొండ కందిపప్పు బజారు పప్పు కంటే చిన్నది, నూనె పట్టించనిది. ముందు రోజు రాత్రి నానబెట్టకపోతే గ్యాస్ ఎక్కువ తాగుతుంది. మొదటి నెల బజారు పప్పుతో సగం సగం కలిపి వండండి.

కొరాపుట్ కాలాజీరా బియ్యానికి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పేరు విని రోజూ భోజనంలోకి తెద్దామనుకోకండి, ధర తట్టుకోలేరు. పండగకు పరమాన్నానికో పులావుకో నెలకు పది కిలోలు చాలు, అదీ పండించినవాళ్ళ దగ్గరే కొనాలి. సువాసన సన్నబియ్యం కలిపి అమ్మేవాళ్ళు ఉంటారు.

కూరగాయలు, అడవి సరుకు

కూరలు కొండ మీద నుంచి తేవద్దు, పట్నానికి పది పన్నెండు కిలోమీటర్ల లోపు ఊళ్ళ నుంచి తెచ్చుకోండి. వందమందికి రోజుకు 12 కిలోలు. ఆదివారం రాత్రి వచ్చే వారం జాబితా ఫోన్‌లో చెప్పండి, ఫలానా కూర అని కాకుండా "ఆ రోజు ఎక్కువ ఉన్నది" అని రెండు రోజులు వదిలేయండి. వంకర వంకాయ, ముదిరిన ఆనపకాయ సాంబారులోకి, పప్పులోకి తక్కువ ధరకు తీసుకోండి. గోనెలో తెస్తే కింద సగం నలుగుతుంది, ప్లాస్టిక్ క్రేట్లు మీవి పెట్టండి. వెనక్కి వెళ్ళే ఆటోలో కూరగాయల తొక్కు పంపండి, ఉప్పూ నూనే తగలనిది మాత్రమే. ఎండుటాకు రెండు పాళ్ళు, తొక్కు ఒక పాలు వేస్తే ఎరువవుతుంది. మిగిలిన అన్నం, సాంబారు కలిపి పంపితే ఎలుకలు చేరతాయి, ఆ రైతు మళ్ళీ తీసుకోడు.

అడవి పుట్టగొడుగులు హోటల్‌కు ఎంత చవకగా వచ్చినా కొనొద్దు. తెచ్చినామెకు తెలిసినా బుట్టలో ఒక్కటి తేడా ఉంటే చాలు. వెదురు కొమ్ములు కొనొచ్చు, సన్నగా తరిగి మూత లేని గిన్నెలో రెండుసార్లు ఉడికించి, రెండుసార్లూ నీళ్ళు పారబోయాలి. ఆవిరితో, ఆ నీళ్ళతో విషం పోతుంది.

మధ్యలో తేడా వస్తే

సంతలో ధర మీ ధర కంటే పైకి వెళ్తే కొందరు అక్కడ అమ్ముతారు. కోర్టు భాష మాట్లాడొద్దు. కాగితంలో ముందే ఒక మాట ఉంచండి: సంత ధర పది శాతం దాటి పెరిగితే పెరిగినదాంట్లో సగం కలుపుతాం, పడిపోతే మా ధరే ఇస్తాం. వంట మాస్టర్ మారితే కొలతలు ఆయనతో పాటు పోతాయి, అందుకే పైన చెప్పిన పాళ్ళు కాగితం మీద రాసి వంటింటి గోడకు అంటించండి. మర చెడిపోతే బేరింగు, బెల్టు ఏ ఊళ్ళో దొరుకుతాయో ముందే కనుక్కుని, ఒక జత సంఘం దగ్గర ఉంచండి. సామలు నెలరోజులు ఆగిపోయేది ఎక్కువగా రెండు వందల రూపాయల బెల్టు దగ్గరే.

మే నెలలో, విత్తక ముందు, హోటల్లోనే అందరూ కూర్చోండి. రైతు ఇళ్ళ నుంచి ఆడవాళ్ళు రావాలి, గింజ చెరిగి ఎండబెట్టేది వాళ్ళే. మీరు తేవలసినవి: ఎన్ని కిలోలు కొన్నారు, అందులో ఎంత రాయితో, ఎంత తేమతో వచ్చింది, ఏ వంటకం రోజుకు ఎన్ని ప్లేట్లు పోయింది. వాళ్ళు తేవలసినవి: ఏ గింజ ఎంత మిగిలింది, వానాకాలానికి ఇంట్లో ఎంత ఉంది, ఈసారి చేనులో ఏం తగ్గిస్తున్నారు. ఎవరైనా కందులు మానేసి పత్తి వేస్తున్నామంటే కారణం అడగండి. ధర అయితే ఆ రోజే తేల్చండి. మాటిచ్చిన మూడో వంతు ఇబ్బంది లేకుండా నడిచిందనిపిస్తే రెండో ఏడు సగానికి పెంచండి, ఎనిమిదిళ్ళు పన్నెండు చేయండి. నడవకపోతే అదే మూడో వంతు మీద ఇంకో ఏడు ఉండండి.